మంగళవారం గాలి

సముద్రం మీద గాలికి సెలవుండదని పెద్దలంటారు. ఆ పెద్దలెవరో గానీ ఏడో నంబరు ప్లాట్‌ఫారం రిజిస్టరు మాత్రం చూసి ఉండరు. అందులో ఇరవై రెండేళ్ళుగా గాలికి ప్రతి మంగళవారం సెలవే. ఆదివారం సాయంత్రానికి కాస్త నీరసపడుతుంది, సోమవారం మంచమెక్కుతుంది, మంగళవారం పూర్తిగా కళ్ళు తేలేస్తుంది. బుధవారం మెల్లిగా లేచి కూర్చుని, గురువారానికి మళ్ళీ మామూలు మనిషవుతుంది.

ఈ రిజిస్టరు రాసేది రేడియో ఆపరేటరు. అందరూ అతన్ని రేడియో బాబాయ్ అంటారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. అతని గది పై అంతస్తులో అగ్గిపెట్టెకు కిటికీ పెట్టినట్టు ఉంటుంది. ఒక రేడియో సెట్టు, ఒక టెలిఫోను, ఒక కుర్చీ, గోడకి గాలి మీటరు. కప్పు మీద మూడు చిన్న గిన్నెలు గాలికి గిర్రున తిరుగుతుంటే, కింద గదిలో మీటరు ముల్లు కదులుతుంది. మూడు గంటలకోసారి ముల్లు ఎంత చూపిస్తే అంత రాయాలి. ఎంత చూపిస్తే అంత అన్నది రూలు పుస్తకంలో మాట.

ఏడో నంబరంటే సముద్రం అడుగున పాతిన నాలుగు ఇనపకాళ్ళ మీద నిలబెట్టిన మూడంతస్తుల ఇనపకొంప. గ్యాసు తోడటానికి కట్టారు. ఒడ్డు నుంచి వరసగా అలాంటివి ఏడున్నాయి, ఇది అన్నిటికన్నా దూరం. మొదటి ఆరింటికీ పడవలు వెళ్తాయి. దీని దగ్గర అలలు పడవను నిలవనివ్వవు, హెలికాప్టరే దిక్కు. పన్నెండు మంది పైన పని చేస్తుంటే ఇంకో పన్నెండు మంది ఇళ్ళ దగ్గర ఉంటారు. మనిషికి రెండు వారాలు పని, రెండు వారాలు ఇల్లు. ప్రతి మంగళవారం ఆరుగురు దిగుతారు, ఆరుగురు ఎక్కుతారు. హెలికాప్టరు వాలే డెక్కు పాతది, ఇరుకైనది. గాలి గంటకు నలభై కిలోమీటర్లు దాటితే వాలకూడదు. సోమవారం నుంచే గాలి జోరుగా ఉంటే ఆఫీసువాళ్ళు మంగళవారం ప్రయాణాన్ని ముందుగానే రద్దు చేసేస్తారు. అందుకనే రేడియో బాబాయ్ గాలికి సెలవిచ్చాడు.

మొదటి ఏడాది అతను ముల్లు చెప్పిందే రాశాడు. ఆ ఏడాదే భార్యకి నొప్పులొస్తున్నాయని ఫోనొచ్చింది. ముల్లు నలభై మూడు చూపించింది, నలభై మూడు రాశాడు. మర్నాడు నలభై అయిదు. ఆ మర్నాడు నలభై రెండు. రెండో మూడో అయిదో కిలోమీటర్లు ఎక్కువైన పాపానికి హెలికాప్టరు రావడం మానేసింది. అతను ఇల్లు చేరేసరికి కూతురికి పదకొండో రోజు. భార్య పల్లెత్తు మాట అనలేదు. పిల్లని అతని చేతుల్లో పెడుతూ, "మీ నాన్నొచ్చాడే" అని పిల్లతోనే చెప్పింది. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మర్చిపోయేవాడు. తిట్టలేదు కాబట్టి ఆ మాట అతని చెవిలో కాపురం పెట్టింది.

తర్వాత ఇంటికి వెళ్ళవలసిన మంగళవారం ముల్లు నలభై ఏడు దగ్గర ఊగుతుంటే అతను ముప్ఫై ఆరని రాశాడు. హెలికాప్టరు వచ్చింది, కాస్త తూలింది, వాలింది. పైలట్ డెక్కు మీదికి దిగి టోపీ రెండు చేతులతో పట్టుకుని, "ఇది ముప్ఫై ఆరా?" అని అడిగాడు.

"రిజిస్టరులో అంతే ఉంది" అన్నాడు బాబాయ్.

పైలట్‌కీ ఇల్లుంది. ఇంకేమీ అడగలేదు.

కానీ అబద్ధం ఒంటరిగా బతకదు, దానికి చుట్టాలు కావాలి. సోమవారం రాత్రి యాభై ఉన్న గాలి తెల్లారేసరికి ముప్ఫై ఎలా అయిందని ఆఫీసు గుమాస్తా ఒకసారి అడిగాడు. అప్పట్నించి బాబాయ్ ఆదివారం నుంచే గాలిని బావిలోకి బకెట్టు దించినట్టు మెల్లమెల్లగా దించి, బుధవారం మళ్ళీ మెల్లగా పైకి తోడేవాడు. ఎలాగూ అబద్ధమే ఆడుతున్నప్పుడు పిసినారితనం దేనికని ముప్ఫై ఆరు కాస్తా ముప్ఫై, ఇరవై అయిదు, చివరికి ఇరవై రెండు దగ్గర స్థిరపడింది. అయితే అతనికీ ఒక నీతి ఉంది. నిజంగా అరవై దాటిన రోజున నిజమే రాసేవాడు. మనుషుల్ని ఇంటికి పంపాలని అతని తాపత్రయం గానీ ఏకంగా పైకి పంపాలని కాదు.

అబద్ధమాడేవాడికి జ్ఞాపకశక్తి ఉండాలంటారు. బాబాయ్‌కి అది బొత్తిగా లేదు. అసలు ఎంతుందో గుర్తులేకపోతే ఎంత తగ్గించాలో ఎలా తెలుస్తుంది? అందుకని ముల్లు చూపించిన అసలు అంకెను వేరే నోటుబుక్కుల్లో రాసుకునేవాడు. మొదట్లో కొన్నాడు, తర్వాత కూతురు స్కూల్లో సగం రాసి వదిలేసినవి తెచ్చుకున్నాడు. అతను ఇంటికెళ్ళినప్పుడు ఆ కుర్చీలో కూర్చునే జోడీ ఆపరేటరుకి కూడా ఈ విద్య శ్రద్ధగా నేర్పాడు. ఇద్దరూ కలిసి రాసిన నోటుబుక్కులు లాకర్లో నలభై దాకా పోగుపడ్డాయి.

ఇంటి దగ్గర భార్యకి ఈ సంగతి తెలియదు. "సూర్యుడైనా ఓ రోజు మబ్బు చాటుకెళ్తాడేమో గానీ, మా ఆయన వస్తానన్న మంగళవారం సాయంత్రానికి గడపలో ఉంటాడు. మాటంటే మాటే" అని పక్కింటావిడతోనూ కూరలావిడతోనూ ఆవిడ గొప్పగా చెప్పుకునేది. అప్పుడు ఆయనగారు మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని చదివిన వార్తే మళ్ళీ చదివేవాడు.

నిరుడు గ్యాసు అడుగంటింది. ఏడు ప్లాట్‌ఫారాల్నీ కోసి ఒడ్డుకి లాక్కురావాలంటే బోలెడు ఖర్చు. ఈలోగా ఒక గాలి కంపెనీ వచ్చి, కోయడం దేనికి, వాటి మీద గాలిమరలు నిలబెడతామంది. ఇంజనీర్లు వచ్చారు, నీళ్ళలోకి మనుషుల్ని దింపి కాళ్ళు తట్టి చూశారు. కాళ్ళు ఇంకో ముప్ఫై ఏళ్ళు నిలుస్తాయి, తల ఒక్కటే మార్చాలి అని తేల్చారు. మనుషుల విషయంలో ఈ సదుపాయం లేకపోవడం విచారకరం. ఏడింటి కాళ్ళూ గట్టివే గానీ కంపెనీకి కావలసినవి మూడే. ఎంచుకున్న వాటిలో పనివాళ్ళందరినీ కంపెనీయే తీసుకుంటుంది. మిగిలిన నాలుగూ పాత ఇనుముకి, వాటి పనివాళ్ళు ఇంటికి.

ఏ మూడన్నది గాలిని బట్టి ఉంటుంది. కొత్తగా కొలవాలంటే ఏళ్ళు పడుతుంది కాబట్టి వడపోత కోసం ముందు పాత రిజిస్టర్లు తెప్పించుకున్నారు. నెల తిరక్కుండా జాబితా వచ్చింది. ఏడో నంబరుకి ఏడో స్థానం.

"నంబరు చూసి ఇచ్చుంటారు" అన్నాడు వంటాయన, భోజనాల గదిలో జాబితా చదివి. "లేకపోతే ఇక్కడ గాలి లేకపోవడమేంటి? మొన్న ఉతికి ఆరేసిన నా ఏప్రన్ ఈపాటికి ఏ దేశంలో ఉందో."

అందరూ నవ్వబోయి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత అందరూ కలిసి బాబాయ్ మొహం చూశారు. బాబాయ్ గ్లాసులో నీళ్ళకేసి చూశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ అబద్ధం మీద ఇళ్ళకి వెళ్ళినవాళ్ళే అందరూ. ఒక్కడూ ఏమీ అనలేదు. మళ్ళీ అదే తిట్టని జబ్బు.

ఇన్‌ఛార్జి అతన్ని తన గదిలోకి పిలిచి తలుపేశాడు. బాబాయ్ కంటే పదేళ్ళు చిన్నవాడు, అతను కూడా బాబాయ్ అనే పిలుస్తాడు.

"ఆరో నంబరు మనకన్నా ఒడ్డుకి దగ్గర, గాలి తక్కువ. దానికి మూడో స్థానమిచ్చారు. మనకి ఏడు. నీ గాలి మన కొంప ముంచింది బాబాయ్."

"పోయిన నెల మీ అబ్బాయి పరీక్షలని, 'ఈ మంగళవారం కాస్త చూడు బాబాయ్' అన్నది మీరే కద సార్."

"అది వేరు."

"ఎలా వేరు?"

ఇన్‌ఛార్జి టీ తాగాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇరవై రెండేళ్ళు రూలు తప్పి హెలికాప్టర్లు దింపించానని నువ్వు చెప్పావనుకో, పెన్షన్ మాట దేవుడెరుగు, కేసు పెట్టినా పెడతారు. చెప్పకపోయావనుకో, ఇరవై నాలుగు కుటుంబాలు రోడ్డు మీద పడతాయి. నేను చెప్పమనీ అనను, చెప్పొద్దనీ అనను. నా పేరు మాత్రం ఎక్కడా రానివ్వకు" అన్నాడు. ఆఫీసరుగా పైకి రావలసిన మనిషి.

పాత ఇనుముకి పోయేవాటి జాబితా మీద సంతకం పెట్టే ముందు మర్యాదకి ఒకసారి చూసి వెళ్ళడానికి గాలి కంపెనీ నుంచి లెక్కల అమ్మాయి వస్తుందన్నారు. గురువారం రావాలి. గురువారం గాలి నలభై తొమ్మిది, రాలేదు. శుక్రవారం యాభై మూడు. శనివారం నలభై ఆరు. అంత దూరం మర్యాద అక్కర్లేదని ఆఫీసువాళ్ళు అనబోతుంటే, పోనీ షిఫ్టు మారే హెలికాప్టర్లోనే వెళ్తానంది ఆ అమ్మాయి. షిఫ్టు మారేది మంగళవారం. బాబాయ్ పెన్ను అలవాటు ప్రకారం ఆదివారం నుంచే గాలిని బావిలోకి దించింది. మంగళవారం పొద్దున ఇరవై రెండు.

హెలికాప్టరు వాలింది. లెక్కల అమ్మాయి ఒక చేత్తో కళ్ళజోడు, ఇంకో చేత్తో ఫైలు పట్టుకుని దిగింది. రెండడుగులు వేసేసరికి ఫైలు తెరుచుకుని, అందులోని కాగితాలన్నీ పావురాల్లా లేచి సముద్రం మీదికి వెళ్ళిపోయాయి. ఆవిడ రెయిలింగు కరుచుకుని అవి కనిపించినంత మేరా చూసింది. ఏడో నంబరులో గాలి లేదని రుజువు చేసే కాగితాలవి.

రేడియో గదిలోకి వచ్చి జుట్టు సర్దుకుంటూ, "సార్, ఇప్పుడు గాలి ఎంత?" అని అడిగింది.

"ఇరవై రెండు" అన్నాడు బాబాయ్.

ఆవిడ గోడ మీది ముల్లుని చూసింది. ముల్లు యాభై ఒకటి మీద ఉంది. తర్వాత బాబాయ్‌ని చూసింది. కుర్చీ ఒకటే కావడంతో నిలబడే మాట్లాడింది.

"మీ రిజిస్టరు చూసి నేను చాలా రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. గాలికి ఎండాకాలం తెలుసు, చలికాలం తెలుసు, పగలూ రాత్రీ తెలుసు. మంగళవారం ఎలా తెలిసిందో అర్థం కాలేదు."

బాబాయ్‌కి రెండేళ్ళలో రాబోయే పెన్షన్, దానితో వేయిద్దామనుకున్న ఇంటి కప్పు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కిటికీలోంచి కింది డెక్కు కనిపిస్తోంది. అక్కడ వంటాయన కూరగాయల బుట్ట ఎత్తుకుని వెళ్తున్నాడు, బాబాయ్‌తో పాటు పదిహేడేళ్ళుగా ఈ ఇనుము మీదే ఉన్న మనిషి. వీళ్ళని ఇంటికి చేర్చడానికే కదా రాసింది అనుకున్నాడు. మరీ ఇంత శాశ్వతంగా చేర్చాలని అనుకోలేదు.

లేచి లాకరు తెరిచి నోటుబుక్కుల కట్ట తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "అసలు గాలి ఇందులో ఉందమ్మా. రిజిస్టరులో ఉన్నది ఇంటికెళ్ళే గాలి."

మొత్తం చెప్పాడు, ఇన్‌ఛార్జి పేరు ఒక్కటి తప్ప. ఆవిడ కుర్చీలో కూర్చుని రెండు గంటలపాటు పేజీలు తిప్పింది. ఒక పుస్తకంలో మొదటి సగం ఎక్కాలు, రెండో సగం గాలి. ఇంకో దాంట్లో టీచరు ఎర్రసిరాతో 'దస్తూరి బాగుపడాలి' అని రాసిన కిందనుంచే గాలి మొదలు.

"ఇవి నిజమని ఎలా నమ్మాలి?" అంది చివరికి.

"అది ఆఫీసు కోసం రాశాను, ఇది నాకోసం రాసుకున్నాను. తనకోసం రాసుకునేవాడు అబద్ధమెందుకు రాసుకుంటాడమ్మా?"

"ఆరో నంబరు అంకెలతో పోల్చి చూస్తాను" అని నోటుబుక్కులన్నీ సంచిలో సర్దుకుంది. ఖాళీగా ఉన్నది ఒక్కటి మిగిలితే అతనికే ఇచ్చేసింది.

నెల తర్వాత కొత్త జాబితా వచ్చింది. ఏడో నంబరుకి మొదటి స్థానం. ఆ సముద్రంలో అంత గాలి ఇంకెక్కడా లేదట. భోజనాల గదిలో వంటాయన బల్లలు వాయించాడు, ఇన్‌ఛార్జి బాబాయ్‌ని కౌగలించుకుని, "నిజం నిప్పులాంటిది బాబాయ్, నేను మొదట్నించీ అదే చెప్తున్నాను" అన్నాడు.

బాబాయ్ మాత్రం ఆఫీసు నుంచి రాబోయే కాగితం కోసం గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు. ఆ కాగితమూ వచ్చింది. అతన్ని శిక్షించాలంటే ఇరవై రెండేళ్ళు రూలు తప్పి హెలికాప్టర్లు తిప్పామని ఆఫీసు ఒప్పుకోవాలి. ఒప్పుకునే అలవాటు ఆఫీసుకి లేదు. అందుకని, 'గాలి వివరాలను రెండు రకాలుగా, ఓపికగా భద్రపరచినందుకు' అతనికి ప్రశంసాపత్రం పంపారు.

కింద ఒక షరతు ఉంది. లెక్కల అమ్మాయి మనుషులు వచ్చి ప్లాట్‌ఫారం మూల మీద తమ సొంత మీటరుతో ఒక పొడుగాటి కర్ర పాతుతారు. ఏడాది పాటు కర్ర లెక్కా బాబాయ్ రిజిస్టరూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒక్క వారం తేడా కనిపించినా ఎంపిక రద్దు, ఏడో నంబరు పాత ఇనుముకి. ఏడాది నిజం రాయడానికేం, అదేమన్నా బరువా అనుకున్నారు అందరూ. మంగళవారం మాట పన్నెండు బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

ఆ పండగ సంబరంలోనే బాబాయ్ రెండు వారాలకి ఇంటికెళ్ళాడు. భార్యకి కంట్లో పొర. ఆపరేషన్‌కి మూడుసార్లు తేదీ ఇచ్చారు, మూడుసార్లూ ఆవిడ భయపడి మానేసింది. ఈసారి డాక్టరు గట్టిగా చెప్పి బుధవారం తేదీ ఇచ్చాడు, బాబాయ్ మళ్ళీ ఇంటికి రావలసిన మంగళవారానికి మర్నాడు.

"మీరు పక్కనుంటేనే బల్ల ఎక్కుతాను. లేకపోతే ఈ కంటితోనే పోతాను" అందావిడ. "మంగళవారం వచ్చేస్తారుగా?"

"వచ్చేస్తాను" అన్నాడు బాబాయ్. ఇరవై రెండేళ్ళ అలవాటు, ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

అతను తిరిగొచ్చేసరికి కర్ర పాతేశారు. మొదటి రెండు మంగళవారాలూ గాలే కరుణించింది. అతను ప్లాట్‌ఫారం ఎక్కిన రోజున ముప్ఫై అయిదు, తర్వాతి వారం ముప్ఫై ఎనిమిది. హెలికాప్టరు వచ్చింది, వెళ్ళింది. నిజం చెప్పడం ఇంత సులువని తెలియక ఇన్నాళ్ళు అనవసరంగా కష్టపడ్డానా అనిపించింది బాబాయ్‌కి.

మూడో మంగళవారానికి ముందు ఆదివారం సాయంత్రం ముల్లు నలభై ఎనిమిది చూపించింది. నలభై ఎనిమిది రాశాడు. సోమవారం యాభై. "రేపటి ప్రయాణం రద్దు చేసేద్దామా?" అని ఆఫీసు గుమాస్తా ఫోను చేస్తే, "పొద్దున దాకా చూడు నాయనా" అని బతిమాలాడు. గాలిని బతిమాలడం కంటే అది తేలిక. మంగళవారం పొద్దున ముల్లు యాభై రెండు మీద కూర్చుంది.

తొమ్మిదింటికి రేడియో గది ముందు ఆరుగురిలో అయిదుగురు సంచులతో నిలబడ్డారు. ఆరోవాడు బాబాయే, అతని సంచి కుర్చీ కింద ఉంది. ఇన్‌ఛార్జి తన సంచితో లోపలికి వచ్చాడు.

"బాబాయ్, ఈ ఒక్క మంగళవారం."

"నిజం నిప్పులాంటిదన్నారు కద సార్."

"నిప్పే. అలాగని రోజూ పట్టుకుంటామా?"

బాబాయ్ కిటికీలోంచి మూల మీది కర్రను చూపించాడు. దాని తల మీద కొత్త మీటరు మెరుస్తూ తిరుగుతోంది. "నేను ఇరవై రెండు రాస్తే అది యాభై రెండంటుంది. అది అబద్ధమాడదు సార్, దానికి ఇల్లు లేదు."

"గుడ్డ చుడితే తిరక్కుండా ఆగుతుంది" అన్నాడు సంచితో గుమ్మంలో నిలబడ్డ వంటాయన. అంటూనే కొత్త ఏప్రన్ విప్పబోయాడు. వాళ్ళ వెనక, ఈ వారం దిగని ఆరుగురూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఇవాళ వాళ్ళకి నిజం కావాలి. వచ్చే మంగళవారం వాళ్ళు సంచులతో నిలబడతారు, అప్పుడు వాళ్ళూ ఏప్రన్ విప్పుతారు. ఈ సంగతి వాళ్ళకీ తెలుసు, అందుకే ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

రేడియో గరగరలాడింది. "ఏడో నంబరు, గాలి ఎంత?" పైలట్ గొంతు.

బాబాయ్‌కి భార్య ఆస్పత్రి గుమ్మంలో నిలబడి వెనక్కి చూడటం కళ్ళకి కట్టినట్టు కనిపించింది. పెన్ను రిజిస్టరు మీద ఇరవై రెండులో మొదటి రెండు దానంతట అదే వేసేసింది. ఇరవై నాలుగు కుటుంబాలు. ఒక కన్ను. ఆ కన్ను తనది కాకపోవడమే కష్టంగా ఉంది, తనదైతే ఇచ్చేసేవాడు. పెన్ను పక్కన పెట్టి మైకు అందుకున్నాడు.

"యాభై రెండు."

రేడియో మళ్ళీ గరగరలాడింది. "మళ్ళీ చెప్పండి."

"యాభై రెండు."

"ఇవాళ మంగళవారం కదండీ?"

"మంగళవారమే" అన్నాడు బాబాయ్.

దూరంగా చుక్కలా కనిపిస్తున్న హెలికాప్టరు ఒక పక్కకి ఒరిగి, ఇంకా చిన్న చుక్కయి పోయింది. కొట్టేసిన రెండు పక్కన రిజిస్టరులో యాభై రెండు పడింది. ఇన్‌ఛార్జి సంచి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వంటాయన ఏప్రన్ మళ్ళీ కట్టుకుంటూ, "మధ్యాహ్నానికి కూడా నేనే వండాలన్నమాట" అన్నాడు ఎవరితోనో.

భార్య మొదటి రింగుకే ఫోనెత్తింది. "బయల్దేరారా?"

"లేదు. హెలికాప్టరు వెనక్కెళ్ళిపోయింది. గాలి ఎక్కువగా ఉంది."

"మంగళవారమా?"

"ఊఁ. యాభై రెండు."

"ఇరవై రెండేళ్ళుగా మంగళవారం లేని గాలి, నా కన్ను కోసే ముందురోజే రావాలా?"

ఇక్కడ ఇంకో ఊఁ కొట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ రెండు వారాలుగా నిజం రాసి రాసి చెయ్యి చెడిపోయింది, దానితో పాటు నోరూ చెడిపోయింది. "ఇరవై రెండేళ్ళుగా ఉంది. లేదని నేనే రాసేవాణ్ణి, ఇంటికి రావాలని. ఇప్పుడు రాస్తే ప్లాట్‌ఫారం పోతుంది. ఇరవై నాలుగు మంది ఉద్యోగాలు పోతాయి."

అవతల కుళాయి నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆవిడ కుళాయి కట్టేసింది.

"పాప పుట్టినప్పట్నించా?"

"ఆ తర్వాతి మంగళవారం నుంచి."

"మా ఆయన మాట తప్పడని ఊరందరికీ చెప్పుకున్నాను" అందావిడ. "అబద్ధమాడినన్నాళ్ళూ మాట మీద నిలబడ్డారు. నిజం చెప్పిన మొదటి మంగళవారమే మాట తప్పారు." ఆ గొంతులో కోపమెంతో నవ్వెంతో ఏ ముల్లుకీ అందదు.

"నేనేం చెయ్యను చెప్పు" అన్నాడు బాబాయ్.

"ఏం చేస్తారు. పక్కింటావిణ్ణి తోడు తీసుకెళ్తాను. ఇంకోసారి మానేస్తే డాక్టరు తిడతాడు. గురువారం పొద్దున కట్టు విప్పుతారట. అప్పటికి వస్తారా?"

బాబాయ్ గోడకేసి చూశాడు. ముల్లు వణుకుతోంది. "గాలి తగ్గితే వస్తాను."

"వస్తాననో రాననో చెప్పండి. ఇదివరకు అలాగే చెప్పేవారు."

"తెలియదే" అన్నాడు.

"సరే, ఇదీ నిజమే కాబోలు" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

పన్నెండయింది. ముల్లు యాభై నాలుగు. బాబాయ్ రిజిస్టరు తెరిచి యాభై నాలుగని గుండ్రటి అంకెలతో రాశాడు. మూల మీద కర్ర కూడా ఈపాటికి అదే రాసుకుని ఉంటుంది. తర్వాత లాకరు తెరిచి, లెక్కల అమ్మాయి వదిలివెళ్ళిన ఖాళీ నోటుబుక్కు తీశాడు. తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకుని, మొదటి పేజీలో పైన తేదీ వేసి, దాని కింద మంగళవారం, గాలి ఇరవై రెండు అని రాసుకున్నాడు.